కుడిచేతి గాజులు

స్వరాజ్యలక్ష్మి కుడిచేతికి గాజులు లేక తొమ్మిదేళ్లు దాటింది. ఎడమచేతికి ఎప్పుడూ నిండుగానే ఉండేవి. మిర్యాలగూడలో బియ్యం మిల్లు నడిపే ఇంటికి ఆమె పెద్దకోడలు. భర్త విశ్వేశ్వర్ లక్షణంగా బతికే ఉన్నాడు. మొగుడు బతికుండగా ఒక చేయి ముత్తైదువదిలా, రెండోది విధవదిలా ఉన్న ఆడమనిషిని ఆ వీధివాళ్లు అంతకుముందు చూసి ఎరగరు. ఎరగనిదాన్ని చూసి జనం ముందు జాలిపడతారు, తరువాత భయపడతారు, ఆ తరువాత మనసులో ఏదో ఒకటి ఖాయం చేసుకుంటారు.

అసలు జరిగింది రెప్పపాటు పని. అరవై రెండులో, కార్తీకమాసంలో, మిల్లుకు సద్ది మోసే మనిషి ఎవరిదో చావుకు పోతే ఆమే క్యారియర్ పట్టుకుని వెళ్లింది. భర్త మరకు అవతలి పక్క నిలబడి ఉన్నాడు. చుట్టూ తిరిగి వెళ్లకుండా, తిరుగుతున్న బెల్టు మీదుగా క్యారియర్ అందించబోయింది. బెల్టు కొంగును పట్టుకుంది, కొంగు చేతిని పట్టిచ్చింది. మోటారు ఆపేసరికి చేయి చంకదాకా నలిగిపోయింది. ఎముక రెండు చోట్ల విరిగింది. చంక కింద కండ చీలింది. కాంపౌండరు గంటసేపు కూర్చుని మాంసంలోంచి గాజుముక్కలు ఏరాడు. బంగారు గాజును కంసాలి వచ్చి ఆకురాయితో కోశాడు.

పాలకీడు నుంచి కట్లు కట్టే మనిషిని పిలిపించారు. ఎముక అతుక్కుంది. చంక కింద గాయమూ మానింది. కానీ తడితాడు ముడివేసి ఎండబెట్టినట్టు గట్టిపడి మానింది. మూడో నెలలో వేలి ఉంగరం బిగిసింది. తరువాత మణికట్టు కనపడకుండా పోయింది. ఏడాది తిరిగేసరికి మోచేతినుంచి వేళ్లదాకా చేయి ఒకే లావున, బియ్యం నింపి మూతి కట్టిన సంచిలా తయారైంది. మొదట్లో వేలితో నొక్కితే గుంట పడేది. పోను పోను గుంట పడడం కూడా మానేసింది. తోలు మందమై, పనసతొక్కలా గరుకు దేలింది. బోదకాలు వచ్చినట్టే బోదచేయి వచ్చిందని కొందరన్నారు. ఆ జబ్బుకు వేసే సూదులు ఆరునెలలు పొడిచినా వాపు ఇంచు తగ్గలేదు.

నొప్పిని ఆమె ఓర్చుకుంది. బరువును కూడా ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఆ బోసితనం.

చేయని ప్రయత్నం లేదు. పసుపుదారం కట్టుకుంది. సాయంత్రానికి దారం కండలోకి దిగి, కింద తోలు పాసిపోయింది. విప్పి బిగించే మర ఉన్న వెడల్పాటి వెండి కడియం చేయించారు. దాన్ని కూడా వారం లోపల కంసాలే వచ్చి కోయాల్సి వచ్చింది. అత్త కన్యకమ్మ ఇవన్నీ చూస్తూ కూర్చునేది. కన్యకమ్మ భర్త పోయి అప్పటికే ఇరవై ఏళ్లు. తెల్లచీర, మోచేతులదాకా ఖాళీ చేతులు. గట్టిగా అరిచే మనిషి కాదు. వంట చేస్తూనో, పత్తి ఒత్తుకుంటూనో, వానొస్తదేమో అన్నంత మామూలుగా అనేది.

"ఈ ఇంట్ల బోసి చేతులు నావి రెండున్నయ్ గదనే. సాలవా? మూడోది ఎందుకు?"

ఆ మాటకు పనివాళ్లు కూడా ముసిముసిగా నవ్వేవారు. స్వరాజ్యలక్ష్మి ఎడమచేత్తో కొంగు లాగి కుడిచేతిని కప్పుకునేది.

తోటికోడలు ప్రేమలతకు ఏడోనెలలో సీమంతం చేశారు. వచ్చిన ముత్తైదువలంతా ఒక్కొక్కరే ఆమెకు గాజులు తొడిగారు. స్వరాజ్యలక్ష్మిని వడ్ల గదిలో కూర్చోమన్నారు. ఆమె తన వంతుగా ముందే తెప్పించి పెట్టిన డజను గాజులు పళ్లెంలో అట్లాగే మిగిలిపోయాయి. వేడుక అయ్యాక వాటిని ఎవరో పెరట్లో జామచెట్టు మొదట్లో పెట్టి వచ్చారు.

విశ్వేశ్వర్ చెడ్డవాడు కాడు. పిరికివాడు. పడిశం పట్టినా, కడుపునొప్పి వచ్చినా ముందు మంచం మీదనుంచి పెళ్లాం కుడిచేతి వైపు చూసేవాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. నా ప్రాణం కాచే గాజు నీ చేతికి లేదు అని చెప్పే చూపు అది.

గాజుల సైదమ్మ ఏటా నాలుగైదుసార్లు ఆ ఇంటికి వచ్చేది. ఆమెకొక పట్టింపు ఉంది, డజను తెంపి సగం అమ్మదు. అట్లా అమ్మితే తొడుక్కున్నదానికీ మంచిది కాదు, తొడిగినదానికీ మంచిది కాదు. అందుకని పన్నెండు ఇచ్చి, ఆరు ఎడమచేతికి తొడిగి, మిగిలిన ఆరూ ఒడిలో పెట్టి పోయేది. కుడిచేతికి రావలసిన ఆ గాజులను స్వరాజ్యలక్ష్మి ఒక బిస్కట్ల రేకుడబ్బాలో దాచేది. ఉగాదివి ఆకుపచ్చవి, శ్రావణానివి ఎర్రవి, దసరావి బంగారుచుక్కలు వేసినవి. మధ్యాహ్నం అత్త కునుకు తీసేవేళ డబ్బా మూత తీసి, ఒక గాజు పట్టుకుని వాచిన వేళ్ల కొనలమీద ఆనించి చూసేది. చిటికెనవేలు దాటి పోయేది కాదు.

డెబ్బయి ఒకటిలో సంక్రాంతి ముందు కోదాడనుంచి ఆమె అన్న వెంకటేశ్వర్లు వచ్చాడు. లారీ కింద పడి కాలు నలిగి, ఏనుగు కాలంత వాచిన క్లీనరు ఒకడికి సూర్యాపేటలో డాక్టరు కాలు కోసి సన్నం చేశాడట. ఆ క్లీనరు మళ్లీ లారీ ఎక్కుతున్నాడట. తాను కళ్లారా చూశానని చెప్పాడు. డాక్టరు పేరు ఉపేందర్. మిలిటరీలో పనిచేసి, యుద్ధంలో నలిగినవాళ్ల కాళ్లూ చేతులూ బాగుచేసి, ఇప్పుడు సొంతంగా దవాఖాన పెట్టాడు.

విశ్వేశ్వర్ రెండురోజులు ఆలోచించాడు. ఆ సంవత్సరం ఆయన జాతకంలో గండం ఉందని అయ్యగారు చెప్పి అప్పటికి నెల కాలేదు. మూడోనాడు ఆమెను తీసుకుని సూర్యాపేట బస్సు ఎక్కాడు.

ఉపేందర్ ఆమె చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. చంకలో ముడిపడ్డ మచ్చను వేలితో తడిమాడు.

"ఇది బోదవ్యాధి కాదు," అన్నాడు విశ్వేశ్వర్‌తో. "దెబ్బకు చంకల నీరు దిగే తోవలన్నీ నలిగి పూడిపోయినయ్. మడికి నీళ్లు వస్తనే ఉండి, పోయే తోవ లేకుంటే ఏమైతది? గదే అయింది. ఆ తోవలు నేను మళ్ల తెరవలేను. గట్టిపడ్డదంత కోసి తీసేస్త. తొడమీది పలచటి తోలు తెచ్చి కప్పుత. రెండుసార్లు చెయ్యాలె."

ప్రాణానికి ప్రమాదమా అని విశ్వేశ్వర్ అడిగాడు. ఎవరి ప్రాణానికో చెప్పలేదు. స్వరాజ్యలక్ష్మి ఒకటే అడిగింది.

"గాజులు పడతయా?"

డాక్టరు నవ్వాడు. "క్లీనరు లారీ ఎక్కుతనా అని అడిగిండు. ఒకామె కొడవలి పడతనా అని అడిగింది. గాజుల కోసం కోయించుకునేది నువ్వేనమ్మా." పడతాయని చెప్పాడు.

మాఘంలో మొదటిసారి కోశారు. మోచేతినుంచి మణికట్టుదాకా లోపలి వైపు. తోలూ, దాని కింద పేరుకున్న గట్టి కొవ్వూ కండమీది పొరదాకా తీసేశారు. దోసకాయ చెక్కు తీసినట్టు తొడమీది తోలు పలచగా తీసి ఆ పచ్చిమీద పరిచారు. చేతిని ఇనుప కొక్కేనికి పైకి వేలాడదీశారు. పదిహేను రోజులు ఆమె చేయి ఆమెకంటే ఎత్తులో ఉంది. కట్లు విప్పే రోజుల్లో గుడ్డకు అంటుకుని కొత్తతోలు కొంత ఊడి వచ్చేది. కొంతచోట నల్లబడి చచ్చిపోయింది. అక్కడ మళ్లీ తొడనుంచి తీసి అతికారు. చేతికంటే తొడే ఎక్కువ మండేది. ఆసుపత్రి నర్సు శాంతమ్మ ఏసయ్యను తలుచుకుంటూ, తడిగుడ్డతో నోరు తుడుస్తూ, కేకలు వేయమని చెప్పేది. స్వరాజ్యలక్ష్మి కేక వేయలేదు. కేకకు ముందు నోటికి వచ్చేమాట అమ్మ. ఆ తల్లి ఈ ఆపరేషన్ సంగతి తెలియకుండానే కిందటేడు కోదాడలో పోయింది. చివరిచూపుకు వెళ్లినప్పుడు కూడా ఈ చేయి చూసి, శవం కాళ్లకు పసుపు రాసేవాళ్లలో స్వరాజ్యలక్ష్మిని కలవనీయలేదు.

భాద్రపదంలో రెండోసారి. బయటివైపు, చేతి వెనుక, వేళ్లు. ఈసారి ఆరువారాలు.

వాపు పోయింది. అయితే ఆ చేయి చేయిలా లేదు. అంటుకున్నచోట మెరుస్తూ, అతుకు దగ్గర గట్లుకట్టి, మాడిన పాలమీద మీగడలా ముడతలు పడి ఉంది. ప్రేమలత చూసి మొహం తిప్పుకుంది. స్వరాజ్యలక్ష్మికి అవేవీ కనపడలేదు. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి చుట్టి చూసుకుంటే మణికట్టు అందులో ఇమిడింది. ఆమెకు అది చాలు.

ఇంటికి పంపే రోజున శాంతమ్మ పక్కన కూర్చుని, ఆ చేతిమీద పెన్ను మొనతో గీసింది. స్వరాజ్యలక్ష్మికి తెలియలేదు.

"సూసినవా అమ్మా? ఈ తోలుకు తెలివి లేదు. కాలినా తెల్వదు, తెగినా తెల్వదు. నీ కండ్లతోనే దీన్ని కాపాడుకోవాలె. ఏడాదిదాక గాజు వద్దు, సూది వద్దు, ముల్లు తగలొద్దు. ఒక్క గాటు పడి చీము పట్టిందంటే మళ్ల పొంగుతది. మళ్ల కోసి కప్పేతందుకు నీ దగ్గర తోలు లేదు."

ఆపరేషన్ నాటినుంచి ఏడాది అంటే వచ్చే శ్రావణం. స్వరాజ్యలక్ష్మి వేళ్లమీద నెలలు లెక్కపెట్టుకుంది.

ఇంట్లో అడుగుపెట్టిన సాయంత్రమే కన్యకమ్మ గాజుల మాట ఎత్తింది. దీపావళికి అడిగింది. సంక్రాంతికి అడిగింది. చేయి సన్నబడ్డాక కూడా బోసిగా ఉంచుకోవడం ఏమిటని వీధిలో అడుగుతున్నారని చెప్పింది. ఆపరేషనుకు ముందైతే పట్టవు అనుకున్నారు, ఇప్పుడు పట్టినా తొడుక్కోవడం లేదంటే ఏమనుకుంటారని అడిగింది. ఉగాదినాడు చెప్పాపెట్టకుండా సైదమ్మను పిలిపించి కూర్చోబెట్టింది.

సైదమ్మ ఆకుపచ్చ గాజు ఒకటి తీసి, కొత్తతోలును చూసి కాస్త వెనకాడి, బొటనవేలిని అరచేతిలోకి మడిచి గాజును వేళ్లమీదికి ఎక్కించింది. గాజు కణుపులదాకా జారింది. ఇంకొక నెట్టు నెడితే మణికట్టు చేరేదే. స్వరాజ్యలక్ష్మి చూస్తూనే ఉంది. అంతలో పెన్ను గీత గుర్తొచ్చి చేయి వెనక్కి లాక్కుంది.

"శ్రావణందాక ఆగాలె అత్తమ్మా. డాక్టరు చెప్పిండు."

కన్యకమ్మ కోడలితో మాట్లాడలేదు. గడపలో చెప్పులు విప్పుతున్న కొడుకుతో అంది. "నీకంటే ఆమెకు చెయ్యే ముద్దు బిడ్డా. సూసుకో మరి."

విశ్వేశ్వర్ చెప్పులు వారగా పెట్టి లోపలికి వచ్చాడు. ఆపరేషన్ అయినప్పటినుంచీ ఆయనకు ఒక్క జ్వరం కూడా రాలేదు. ఆ ధైర్యంతోనేమో తల్లికి ఎదురు మాట చెప్పాడు. ఇంకో నాలుగు నెలలే కదా, శ్రావణ శుక్రవారం నాడు తనే దగ్గరుండి తొడిగిస్తానన్నాడు. అని, పంతొమ్మిదేళ్ల కాపురంలో మొదటిసారి నలుగురూ చూస్తుండగా ఆమె కుడిచేతిని ఒక్క వేలితో తాకాడు. ఆ వేలు కొత్తతోలు మీద పడింది. ఆమె చూసింది కాబట్టి తాకాడని తెలిసింది.

నెలన్నర తిరక్కముందే, వైశాఖంలో, వేములపల్లి కళ్లాల్లో వడ్లు చూడడానికి పొద్దున వెళ్లిన విశ్వేశ్వర్ మిట్టమధ్యాహ్నం సైకిల్ మీద తిరిగివచ్చాడు. మిల్లు ముందు దిగి నీళ్లు అడిగాడు. నీళ్లు తెచ్చేసరికి పడిపోయాడు. ఎండదెబ్బ అన్నారు. దీపాలు పెట్టేవేళకు పోయాడు.

కన్యకమ్మ కొడుకు శవం దగ్గర ఏడ్వలేదు. కోడలి కుడిచేతిని పట్టుకుని పైకెత్తి, వచ్చినవాళ్లందరికీ చూపించింది. "ఇంకో నాలుగు నెలలంట. గీ చెయ్యి ఆగమన్నది. వాడు ఆగలే." అంతే అన్నది. ఆ తొమ్మిదిరోజులూ పరామర్శకు వచ్చిన ప్రతి ఆడమనిషీ ముందు ఆ చేతివైపు చూసి, తరువాతే మొహంవైపు చూసేది.

పదోరోజు తెల్లవారుతుండగా ముగ్గురు విధవలు వచ్చారు. ఆ రోజు చేయవలసింది అందరికీ తెలుసు. విధవకు చివరిసారి తలంటి, పసుపు పూసి, బొట్టు పెట్టి, పూలు ముడిచి, చేతులనిండా గాజులు తొడుగుతారు. కాలువ ఒడ్డుకు తీసుకుపోయి అన్నీ తీసేస్తారు. ముత్తైదువలు చూడకూడదు కనుక ప్రేమలత తలుపు వేసుకుని లోపలే ఉంది.

వెంకటేశ్వర్లు పుట్టింటి చీర పట్టుకుని వసారాలో నిలబడ్డాడు. తన వృత్తి కనుక వచ్చి, గాజుల మూట విప్పుతున్న సైదమ్మ ముందుగా నోరు తెరిచింది. కుడిచేతి తోలు ఉల్లిపొరలా ఉంది, ఎడమచేతికి మాత్రం తొడుగుతానంది. వెంకటేశ్వర్లు అందుకున్నాడు.

"అత్తయ్యగారూ, ఆ చేయి కోసి అతికిన చేయండీ. గాజు పెంకు గుచ్చుకుంటే మళ్లీ పాడైపోద్ది. ఎడమచేతివి తీసెయ్యండి చాలు. ఆ చేతికి ఎలాగూ తొమ్మిదేళ్లనుంచీ లేవు గదా."

వచ్చిన విధవల్లో పెద్దామె ఆ మాట నిజమేనంది. లేని గాజులు తీయకపోతే దోషం లేదంది. మిగతా ఇద్దరూ తలూపారు.

కన్యకమ్మ మాత్రం తలూపలేదు. "నిండు ముత్తైదువగ నిలబెట్టి తీస్తేనే వాడు పోతడు. సగం చేతితోని సాగనంపితే నా కొడుకు సగం తోవల నిలబడతడు. వానికి బతికున్నన్నాళ్లు ఆ సగమే అయింది. సచ్చినంక కూడనా?"

అందరూ పీటమీద కూర్చున్న స్వరాజ్యలక్ష్మి వైపు చూశారు. ఆమె ఊరకే తల వంచుకుని కూర్చుంటే చాలు. అన్న ఉన్నాడు, పెద్దామె ఉంది, సైదమ్మ ఉంది. ముగ్గురి మాటముందు కన్యకమ్మ మాట ఆగేదే. ఆ సంగతి స్వరాజ్యలక్ష్మికి తెలుసు. ఇవాళ తొడుక్కోకపోతే ఈ చేయి ఇక ఎన్నడూ గాజు ఎరగదని కూడా తెలుసు. మొగుడి గతి ఆమె మనసులో ఉందో లేదో ఆమెకే తెలియదు. ఉగాదినాడు కణుపులమీద ఆగిన ఆకుపచ్చ గాజు మాత్రం ఉంది.

"తొడగండి," అంది. "కొత్తవి వద్దు. నా డబ్బాల ఉన్నయ్."

వెంకటేశ్వర్లు వద్దమ్మాయ్ అన్నాడు. ఆమె అన్న మొహం చూడలేదు. ప్రేమలత తలుపు వారగా తీసి, బయటికి కనపడకుండా రేకుడబ్బాను కాలితో నెట్టింది.

సైదమ్మ చేయి పట్టుకుంది. బొటనవేలిని మడిచింది. మొదటి గాజు కణుపులు దాటి, మణికట్టుమీద పడింది. స్వరాజ్యలక్ష్మి వంగి చూసింది. చల్లదనం తగలలేదు. బరువు తగలలేదు. గాజు జారడం కండ్లకు కనపడుతోంది, చేతికి మాత్రం ఆ సంగతి తెలియదు. ఆరు తొడిగి సైదమ్మ ఆగింది. ఇంకా తొడగమంది స్వరాజ్యలక్ష్మి. పన్నెండైనాయి. ఇంకా అంది. కన్యకమ్మ అడ్డు చెప్పలేదు. నిండుగనే తొడగనియ్ అంది. ఆకుపచ్చవీ, ఎర్రవీ, చుక్కలవీ, తొమ్మిదేళ్ల పండుగలన్నీ మణికట్టునుంచి ముంజేతి సగందాకా ఎక్కాయి. ఆమె చేయి కొద్దిగా కదిపింది. గలగలమన్నాయి. ఆ చప్పుడు ఒక్కటే ఆమెకు దక్కింది.

ఇంటినుంచి కాలువ మైలు దూరం. కొత్త విధవను పదోనాడు తీసుకుపోతుంటే ఎదురుపడడం అశుభం. ముందు నడిచే చాకలిమనిషి కేక వేసుకుంటూ పోతుంటే వీధిలో తలుపులన్నీ ఒకటొకటిగా మూసుకున్నాయి. సీమంతాలకు ఆమెను పిలవనివాళ్లవీ, గుడిలో పసుపు పంచుతూ ఆమెను దాటిపోయినవాళ్లవీ, అన్ని తలుపులూ. స్వరాజ్యలక్ష్మి కుడిచేతిని కొంగులో దాచుకోలేదు. బయటపెట్టి, కాస్త ఎత్తి పట్టుకుని నడిచింది. వీధి ఈ చివరనుంచి ఆ చివరదాకా ఆ చేతిని చూసిన మనిషి ఒక్కరూ లేరు. ఒక మేక మాత్రం తలెత్తి చూసి, మళ్లీ ఆకు నమలసాగింది.

సాగర్ కాలువలో నీళ్లు పలచగా ఉన్నాయి. ఒడ్డున కూర్చోబెట్టి పూలు తీశారు, బొట్టు తుడిచారు, పుస్తెలు తీశారు. గాజులు తీయడానికి కన్యకమ్మ తానే ముందుకు వచ్చింది. పెద్దామె రాయి అందించబోతే వద్దంది. కోడలి రెండు మణికట్లూ పట్టుకుని ఒకదానితో ఒకటి కొట్టింది.

ఎడమచేయి మొదటి దెబ్బకే చురుక్కుమంది. కుడిచేయి ఏమీ అనలేదు. గాజులు చిట్లి పెంకులు ఆ మెరిసే తోలులోకి దిగుతుంటే, ఎవరిదో చేయి తెగుతున్నట్టు స్వరాజ్యలక్ష్మి చూస్తూ కూర్చుంది. ఎక్కువ గాజులున్నాయి కనుక ఎక్కువసార్లు కొట్టాల్సి వచ్చింది. రక్తం చూసి కన్యకమ్మ ఒక్క క్షణం ఆగింది. తరువాత మిగిలిన రెండూ కూడా కొట్టేసి, నీళ్లలో ముంచింది.

మూడోనాటికి జ్వరం వచ్చింది. చేతిమీద ఎర్రటి చారలు మోచేయి దాటి చంకవైపు పాకాయి. కొత్త విధవ మొదటి మాసికం కాకుండా గడప దాటకూడదు. వెంకటేశ్వర్లు కాళ్లావేళ్లా పడ్డా కన్యకమ్మ దాటనివ్వలేదు. పసుపూ వేపాకూ నూరి కట్టించింది. జ్వరం దిగడం, ఎక్కడం, చేయి ప్రతిసారీ కాస్త లావవడం. మాసికం ముగిసిన మర్నాడు అన్న ఆమెను సూర్యాపేట తీసుకుపోయాడు. అప్పటికి గాట్లు పైపైన మూసుకుపోయాయి. మణికట్టు లేదు.

ఉపేందర్ చాలాసేపు చూశాడు. మంచి మనిషే, కానీ తన పని చెడినప్పుడు మొహం గట్టిపడే మనిషి. ఇంక కోయడానికేమీ లేదని వెంకటేశ్వర్లుతో చెప్పాడు. సూదులు రాశాడు. చేతిని ఎత్తుమీద పెట్టుకొమ్మన్నాడు. చివరకు ఆమెను అడిగాడు.

"లోపల గాజుముక్క ఏమన్న మిగిలిందా? ఉంటే తీసెయ్యాలె. అది ఉన్నన్ని రోజులు చీము పడతనే ఉంటది."

"లేదు," అంది స్వరాజ్యలక్ష్మి. "అన్నీ తీసిన్రు."

సూది వేస్తూ శాంతమ్మ మెల్లగా అంది, కండ్లతో కాపాడుకొమ్మంటిని గదమ్మా అని.

"కండ్లతోనే చూసిన శాంతమ్మా."

శ్రావణం వచ్చింది. మొదటి శుక్రవారం నాడు సైదమ్మ వీధిలోకి వచ్చి, గాజులో అని కేక వేస్తూ, ఆ ఇంటి దగ్గరికి రాగానే కేక ఆపి, తల వంచుకుని రెండిళ్లు దాటాక మళ్లీ అందుకుంది. లోపల ప్రేమలత పూజకు పూలు కోస్తోంది. స్వరాజ్యలక్ష్మి మూలగదిలో, చేతిని రెండు దిండ్లమీద పెట్టుకుని కూర్చుంది. చేయి మళ్లీ మూతి కట్టిన సంచిలాగే ఉంది.

కన్యకమ్మ తడిగుడ్డ పిండి తెచ్చి ఆ చేతికి చుట్టింది. కొడుకు పోయిన దగ్గరనుంచీ ఆమె కోడలిమీద కోపం మానేసింది. ఇప్పుడు ఇద్దరూ ఒకే మూలగదిలో పడుకుంటున్నారు, ఒక్కపూట తింటున్నారు. ఆ చేతిని చూసి భయపడే అవసరం ఇక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఆమె గుడ్డ సర్దుతూ, ఎప్పటిలాగే మామూలుగా అంది.

"ఇంట్ల బోసి చేతులు నాలుగైనయ్."

అని తన చేతులూ, కోడలి చేతులూ పక్కపక్కన చూసుకుని, గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

స్వరాజ్యలక్ష్మి తలుపు వైపు ఒకసారి చూసి, ఎడమచేతి బొటనవేలిని తడిగుడ్డ కిందికి దూర్చింది. మణికట్టు ఉండవలసిన చోట, అతుకుగట్టు పక్కన, తోలు కింద గట్టిగా, వంపు తిరిగి, వడ్లగింజంత తగిలింది. నొక్కింది. చేతికేమీ తెలియలేదు, వేలికి తెలిసింది. దాని చుట్టూ వెచ్చగా ఉంది. మళ్లీ చీము పడుతున్నట్టుంది. అది ఆకుపచ్చదో, ఎర్రదో, చుక్కలదో, ఏ పండుగ నాటిదో తేల్చుకోవాలని ఆమె అటూ ఇటూ తడుముతూ కూర్చుంది.